ఖాజావలి కారుకు పట్టిన తుప్పు

ఖాజావలి తండ్రి ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. కొడుక్కి దూది సరిపడక ఒకటే తుమ్ములు. ఆ పని మాని స్టీరింగు పట్టుకుంటే, పని దొరికింది గుంటూరు మిర్చియార్డు షావుకార్ల దగ్గర. అక్కడ మిరప ఘాటుకి మళ్లీ తుమ్ములే! అలా తుమ్ముతూనే సగం జీవితం ఊళ్లోవాళ్ల కార్లు తోలి, మొన్న వేసవిలో సొంతానికి ఒక పాత కారు కొన్నాడు. ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే, “అది మీ ఇంట్లో బీరువా కాదండీ” అనేవాడు.

ఎదురింటి లక్ష్మీదుర్గ తన కూతుర్ని పొన్నూరులో పెళ్లిపందిరి దాకా ఆ కారులోనే తీసుకెళ్లాలంది. పెళ్లికూతురు ఎక్కిన బండికి ఇక ఊళ్లో పేరొచ్చినట్టే, పెళ్లిళ్లన్నీ దాన్నే వెతుక్కుంటూ వస్తాయి. ఖాజావలికి ఆ సంతోషంలో అన్నం కూడా సరిగా సయించలేదు.

అంతలో ముసురు పట్టింది. బండి ఇంటి ముందే తడిసింది. తెరిపిచ్చిన పొద్దున లక్ష్మీదుర్గ వచ్చి ముందు చక్రం సందుల్లోంచి లోపలికి తొంగి చూసింది.

“తమ్ముడూ, ఈ పళ్లేనికి కుంకం పూశావేంట్రా?”

“అది బ్రేకు డిస్కక్కా. ఇనుము గదా, తడి తగిల్తే పైపైన తుప్పు పడుద్ది. నాలుగు బ్రేకులేస్తే అదే పోద్ది.”

“వరదల్లో మునిగిన కార్లు కడిగి అమ్ముతున్నారంట. నీది అట్టాంటిది గాదు గదా?”

ఖాజావలి ప్రాణం చివుక్కుమంది. ఆమెను ఎక్కించుకుని పెదకాకాని రోడ్డు దాకా వెళ్లొచ్చాడు. మొదట బ్రేకు వేస్తే గరగరమంది, తర్వాత నోరు మూసుకుంది. దిగి చూస్తే డిస్కు తళతళలాడుతోంది.

“నా స్టీలు కంచాలకి లేదమ్మా ఈ మెరుపు!” అంటూ లక్ష్మీదుర్గ వీధినంతా పిలిచి చూపించింది.

గుమ్మంలో నిలబడ్డ ఖాజావలి భార్య అమీర్‌బీ మొహం ముడుచుకుంది. “ఇంతమంది కళ్లు పడితే ఇంకేమన్నా ఉందా?” అని గొణుక్కుంటూ లోపలికి పోయింది.

మర్నాడు చుక్క వాన లేదు. అయినా డిస్కులు ముందురోజుకంటే ఎర్రగా ఉన్నాయి. ఖాజావలి రోడ్డు మీద తిప్పి పోగొట్టాడు. తెల్లారితే మళ్లీ అదే ఎరుపు! డిస్కు అంచున తెల్లగా ఏదో పేరుకుంది. వేలితో తీసి నాలికకి రాసుకున్నాడు.

ఉప్పు.

వరదనీళ్లు ఉప్పగా ఉండవు. అంటే ఈ బండి మునిగింది వరదలో కాదు, ఏకంగా సముద్రంలో! పెళ్లిపిల్లని అలాంటి బండి ఎక్కించి, దారిలో బ్రేకు పడకపోతే? నోటి దాకా వచ్చిన కూడు పోతే పోయిందనుకుని ఎదురింటికి నడిచాడు.

“అక్కా, వేరే బండి చూసుకో. నాది సముద్రంలో మునిగింది.”

“సముద్రమా!” చేతిలో పని పడేసి లక్ష్మీదుర్గ పరిగెత్తుకొచ్చింది. చక్రం ముందు గొంతుక్కూచుని, సందులో వేలు పెట్టి గీకి, చిక్కినదాన్ని వెలుగులోకి ఎత్తింది. మిరపగింజ.

“ఏరా, సముద్రంలో మిరపకాయలు కాస్తాయా?”

గుమ్మంలో ఉన్న అమీర్‌బీ చటుక్కున లోపలికి జరిగింది.

“ఏయ్, ఇట్రా!” అన్నాడు ఖాజావలి.

“నన్నంటావేంది? ఉప్పూ ఎండుమిరపకాయలూ చిదిపి రోజూ సాయంత్రం దిష్టి తీశా. అయ్యి నిప్పుల్లో వెయ్యాల. గ్యాసు పొయ్యికి నిప్పులేడ తెమ్మంటావు? అందుకని బక్కెట్లో కలిపి చక్రాలకి పోశా. పొద్దున చూస్తే ఇంకా ఎర్రగుంది. దిష్టి ఎక్కువైందని ఇంకో గుప్పెడేశా!”

లక్ష్మీదుర్గ నవ్వి నవ్వి రోడ్డు మీదే కూలబడింది. “సముద్రం నీ పెళ్లాం బక్కెట్లోనే ఉందిరా! బండి మంచినీళ్లతో కడుక్కో. నా కూతురు దీన్లోనే ఎక్కుద్ది.”

పెళ్లినాడు తెల్లవారుజామున జల్లు పడింది. ఖాజావలి ముందే ఒక చుట్టు తిప్పి డిస్కులు మెరిపించి తెచ్చాడు. పెళ్లికూతురు ఎక్కబోతుంటే లక్ష్మీదుర్గ పళ్లెంలో ఎర్రనీళ్లు తెచ్చి, కూతురికీ కారుకీ కలిపి దిష్టి తీసి, ముందు చక్రం వైపు వంగింది.

“అక్కా, ఆగు!” ఖాజావలి చేతులు చాపి చక్రానికి అడ్డంగా నిలబడ్డాడు. “రోడ్డు మీద పొయ్యి, నీకు పుణ్యముంటది!”

“ఉప్పెయ్యలేదులే, నేను చూశా,” అంది వెనకనుంచి అమీర్‌బీ.

“ముహూర్తం దాటిపోతందే అమ్మా!” అని అరిచి పెళ్లికూతురు ఎక్కి, తలుపు ధడేలున వేసుకుంది.

ఖాజావలికి ఈసారి బీరువా గుర్తుకు రాలేదు, నవ్వుతూ బండి తీశాడు.