జలప్రళయం ఒక్కటి, సీములు నాలుగు

ఇది ఎందుకు రాయాల్సి వచ్చిందో ముందే చెబుతాను. ఇరవై రెండేళ్ల పాటు నేను మా చర్చిలో ఆదివారం బడి పిల్లలకు ఒక తప్పు చెప్పాను. తెలిసి చెప్పలేదు. కానీ గట్టిగా చెప్పాను. చేతిలో రాయి పట్టుకొని, అందరి చేతా దాన్ని ముట్టించి మరీ చెప్పాను. ఆ పిల్లల్లో కొందరు ఇప్పుడు మందమర్రిలో, గోలేటిలో గనుల్లో పనిచేస్తున్నారు. ఇద్దరు ముగ్గురు మంచిర్యాలలో టీచర్లు. ఒక్కొక్కరి తలుపు తట్టి "నేను చెప్పింది తప్పు" అని చెప్పి రావడం నా మోకాళ్లతో అయ్యే పని కాదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. చేతికి దొరికినవాళ్లు చదవండి, దొరకనివాళ్లకు చెప్పండి.

నేను పదో తరగతి తప్పినవాణ్ని. గోదావరిఖనిలో భూగర్భ గనిలో ముప్పై ఒక్క ఏళ్లు చేశాను. మొదట పట్టాల మీద నడిచే టబ్బుల్లో బొగ్గు నింపే పని, తర్వాత పైకప్పు కూలకుండా ఆసరాలు పెట్టే పని. నా చదువంతా కాలనీ లైబ్రరీలో సాగింది. మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, సాయంత్రం నాలుగున్నరకల్లా అక్కడ ఉండేవాణ్ని. పేపర్లతో మొదలుపెట్టి, కథల పుస్తకాలు దాటి, చివరి వరసలో దుమ్ము పట్టిన సైన్సు బీరువా దాకా చేరడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇప్పుడు ఆ బీరువాలో నేను చదవని పుస్తకం లేదు. ఈ మాట గొప్ప కోసమే చెబుతున్నాను. కష్టపడి సంపాదించుకున్న గొప్ప, దాచుకోవడం దేనికి?

ఆ బీరువా దాకా చేరకముందు సంగతి ఇది. ఒకనాడు మూడో నంబరు సీములో, పైకప్పు నుంచి ఊడిపడిన పలకను పక్కకు లాగుతున్నాను. సీము అంటే భూమిలో పరిచినట్టుండే బొగ్గు పొర. పలక తిరగబడగానే టోపీ దీపం వెలుగులో దాని మీద ఒక ఆకు కనబడింది. నిజం ఆకు కాదు, ఆకు అచ్చు. అరచేతి పొడవు, నాలుక ఆకారం, నడుమ ఒక ఈనె, దాని నుంచి రెండు పక్కలా వల అల్లినట్టు సన్నటి గీతలు. సద్దిగిన్నె సంచిలో పెట్టుకొని ఇంటికి తెచ్చాను. ఆ ఆదివారమే బడికి పట్టుకుపోయాను.

"చూడండి. ఓడ ఎక్కినవాళ్లు తప్ప లోకమంతా కొట్టుకుపోయిన జలప్రళయంలో మునిగిన అడవి ఇదే. ఆ అడవే మన బొగ్గయింది. లోకం పుట్టి ఆరువేల ఏళ్లు. దానికి సాక్ష్యం మీ నాన్నల కాళ్ల కిందనే ఉంది" అన్నాను.

పిల్లలు నోళ్లు తెరుచుకొని విన్నారు. మా చర్చి పెద్ద నా సొంత అన్న. ఆయన సంతోషపడి, రాయికి ఆదివారం బడి బీరువాలో చోటిచ్చి, తాళంచెవి నాకే ఇచ్చాడు. అప్పటి నుంచి ఏటా కొత్త పిల్లలు, అదే రాయి, అదే పాఠం.

నాకు మొదటి హెచ్చరిక గనిలోనే వచ్చింది. నాతో ఒకే గ్యాంగులో పనిచేసిన మనిషి ఒకాయన ఉన్నాడు, మందమర్రి అవతలి పల్లె నుంచి వచ్చిన రైతు కొడుకు. ఆయన గుడికి పోతాడు, నేను చర్చికి పోతాను. అయినా బావా అంటే బావా అని పిలుచుకుంటాం. ఒకరోజు మూడో నంబరు నుంచి నాలుగో నంబరుకు పోయే రాతి సొరంగంలో నడుస్తున్నాం.

"బావా, మీ వాన ఎన్నిసార్లు పడ్డది?" అన్నాడు.

"ఏ వాన?"

"గదే, లోకం మునిగిన వాన. పొల్లగాండ్లకు చెప్తవు గద."

"ఒక్కసారే."

"ఒక్కసారి మునిగితే సీములు నాలుగెట్లయినయ్? నడుమ గీ ఇసుకరాయంత ఎవరు పోసిండ్రు, ఓడ నడిపినాయననా?"

వెనక నడిచేవాళ్లంతా పగలబడి నవ్వారు.

"నీకేం తెలుసు? నడువు జల్ది" అన్నాను.

"నాకు తెల్వదు, మా పంచాంగానికి తెలుసు. సృష్టి అయ్యి నూట తొంభై కోట్ల ఏళ్ల పైనాయె. మీ దేవుడు మొన్న డ్యూటీల చేరిండు బావా. మావోనిది సీనియారిటీ."

నేను కూడా నవ్వేశాను. నవ్వి ఊరుకున్నాను, అదే నా తప్పు. ఒకటో నంబరు, రెండో నంబరు, మూడు, నాలుగు అని రోజూ నోటితో అంటూ, వాటి మధ్య ఇసుకరాయిలో వందల అడుగులు కాళ్లతో నడుస్తూ, ఒక్క వరదకు ఇన్ని పొరలెట్లా అని నాకు నేను ఒక్కసారీ అడుక్కోలేదు. ఊళ్లో వ్యవసాయం చేసుకునేవాడు ఈ తప్పు చేస్తే అర్థం ఉంది. సీముల మధ్య బతికినవాణ్ని నేను చేశాను.

రెండో దెబ్బ ఇంట్లోనే తగిలింది, నేను రిటైరయ్యాక. మా అన్న బిడ్డ నా ఆదివారం బడిలోనే పెరిగింది. డిగ్రీలో భూగర్భశాస్త్రం తీసుకుంది. సెలవులకు వచ్చి, ఉల్లిగడ్డలు ఒలుస్తున్న నా భార్య పక్కన పీట వేసుకొని కూర్చుంది.

"కాకా, నీ రాయి మా కాలేజీల ఫేమస్ అయింది."

"ఎట్ల బిడ్డా?"

"బొగ్గు ఎట్ల పుట్టిందని సార్ అడిగిండు. అందరికన్న ముందు లేచి జలప్రళయంల అని చెప్పిన. మా కాక కాడ సాక్ష్యం గూడ ఉన్నదన్న. క్లాసంత ఒక్కటే నవ్వుడు. పదిహేను దినాలు నన్ను ఓడా ఓడా అని పిలిచిండ్రు."

నవ్వుతూనే చెప్పింది. నా భార్య కూడా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

"ఆదివారం చర్చికి వస్తవా?" అని అడిగాను.

"బొగ్గు సంగతే తప్పయితే, గదే నోటితోటి చెప్పిన మిగతాయి ఎట్ల నమ్మాలె కాకా?"

రాలేదు. మరుసటి ఆదివారమూ రాలేదు. వాళ్ల నాన్న అడిగితే తలనొప్పి అందట.

గనిలో మాకో పద్ధతి ఉంది. పైకప్పు బాగుందని ఎవరు చెప్పినా సరే, కర్రతో కొట్టి చప్పుడు వినకుండా దాని కింద నిలబడం. గట్టి రాయి ఖంగుమంటుంది, వదులైంది డొల్లగా మోగుతుంది. ముప్పై ఒక్క ఏళ్లు నేను ప్రాణం నిలుపుకున్నది ఆ పద్ధతితోనే. నా పాఠాన్ని మాత్రం ఒక్కసారి కూడా కొట్టి చూసుకోలేదు.

మళ్లీ సైన్సు బీరువా తెరిచాను. ఈసారి రెండు నెలలు, ప్రతి మాటనూ నా పాఠంతో పోల్చుకుంటూ, ఒక నోటుపుస్తకం నిండా రాసుకుంటూ చదివాను. బొగ్గు పొర కింద బంకమట్టి గట్టిపడిన రాయిలో చెట్ల వేర్ల గుర్తులుంటాయట. అంటే ఆ చెట్లు ఎక్కడి నుంచో కొట్టుకొచ్చి పడినవి కావు, చాలావరకు అక్కడే చిత్తడిలో పెరిగినవి. మధ్యలో ఇసుకరాయి పాత నదులు పోసిన ఇసుక. అడవి పెరిగింది, కుళ్లింది, దాని మీదికి నది తిరిగి ఇసుక పరిచింది, ఆ ఇసుక మీద మళ్లీ చిత్తడి, మళ్లీ అడవి. కొన్ని నెలల వరదలో ఒకే చోట అడవి నాలుగుసార్లు మొలవదు. కొన్ని రాళ్లలో ఉండే కొన్ని మూలకాలు ఎప్పుడూ ఒకే వేగంతో మరో పదార్థంగా మారుతూ ఉంటాయి. ఎంత మారిందో చూస్తే రాయి వయసు తెలుస్తుంది. అట్లా చూస్తే నా ఆకుకు ఇరవై ఐదు కోట్ల ఏళ్లు దాటాయి. భూమికి నాలుగు వందల యాభై కోట్లు. ఇక నక్షత్రాల గుంపులన్నీ ఒకదానికొకటి దూరం జరిగిపోతున్నాయి. దూరం పోతున్న టబ్బుల వేగం తెలిస్తే అవి ఎప్పుడు బయలుదేరాయో వెనక్కి లెక్క కట్టినట్టే, విశ్వానికీ కట్టారు. సుమారు వెయ్యిన్నీ మూడు వందల ఎనభై కోట్ల ఏళ్లు. నేను ఆ అంకెను నోటుపుస్తకంలో రాసి, దాని చుట్టూ పెట్టె గీశాను. భయం వేస్తుందనుకున్నాను. వేయలేదు. నా దేవుడు నేను అనుకున్నదానికంటే తీరిక ఉన్నవాడని అనిపించింది.

ముందు బావ దగ్గరకు పోయి ఓటమి ఒప్పుకున్నాను. ఆయన మీసం దువ్వుకున్నాడు.

"ఆగు బావా, నీ నూట తొంభై కోట్లు భూమి వయసుల సగానికి గూడ రావు" అన్నాను.

"అయితే మాది గూడ తప్పేనా?"

"పెద్ద అంకె చెప్తే అయిపాయెనా? కొట్టి చూసి చెప్పాలె."

"సరే తియ్. సీనియారిటీ లిస్టు మళ్లా కొత్తగ చేపియ్యాలె" అని చాయ్ తాగించాడు.

అన్నతో మాట్లాడటం అంత తేలిక కాలేదు. ఆయనా వయసులో ఉన్నప్పుడు నాలుగో నంబరులో పనిచేసినవాడే. కాలికి దెబ్బ తగిలాక గని పైన ఆఫీసులో క్లర్కుగా రిటైరయ్యాడు.

"అన్నా, వచ్చే ఆదివారం ఆ రాయి పాఠం వాపస్ తీసుకుంట."

"వాపస్ తీసుకునుడేంది? అదేమన్న సెలవు చిట్టీనా?"

అంతా చెప్పాను. కళ్లు మూసుకొని విన్నాడు.

"నీ పుస్తకాలు పదేళ్లకోసారి మారుతయి తమ్మీ. వాక్యం మారదు."

"మారుడే వాటి మంచితనం అన్నా. తప్పు కనబడితే దిద్దుకుంటయి."

"లెక్క తప్పయితే దిద్దుకుంటవు. పసిపిల్లల నమ్మకం విరిగితే దిద్దుతవా?"

"చెప్పకపోతెనే విరుగుతది. ఇప్పటికే ఒకలది విరిగింది. నీ బిడ్డదే."

ఆ మాట అనకుండా ఉండాల్సిందేమో. ఆయన కుర్చీలోంచి లేచాడు.

"చెప్పుకుంటే చెప్పుకో. చెప్పినంక బీరువా తాళంచెవి నా చేతుల పెట్టు. క్లాసు ఇంకొకలు చూస్తరు."

నాకూ నా భార్యకూ పిల్లలు లేరు. ఆదివారం పొద్దున ఆ ముప్పైమంది తాతా తాతా అని మీద పడే గంట కోసమే వారమంతా గడిపేవాణ్ని. ఇది అన్నకు తెలుసు. తెలిసే అన్నాడు.

ఆదివారం వచ్చింది. బోర్డు మీద నాలుగు నల్ల చారలు గీశాను, మధ్యలో చుక్కలు పెట్టి ఇసుక అన్నాను. గీయగానే పిల్లలు గుర్తుపట్టారు. "మా డాడీ రెండో నంబర్ల చేస్తడు!" "మా తాత నాలుగు!" వాళ్ల అరుపులు తగ్గేదాకా ఆగి, నేను ఇన్నాళ్లు చెప్పింది తప్పని చెప్పాను. రాయి వయసు చెప్పాను, భూమి వయసు, విశ్వం వయసు చెప్పాను. లోకాన్ని దేవుడే చేశాడని నేను నమ్ముతానని, ఎప్పుడు చేశాడో మాత్రం రాళ్లను అడగాలని, ఓడ కథ మనిషి ఎట్లా బతకాలో చెప్పేదే గానీ బొగ్గు ఎట్లా పుట్టిందో చెప్పేది కాదని చెప్పాను.

ముందు వరసలో ఒక పాప లేచింది. "అయితే ఇన్నొద్దులు అబద్ధం చెప్పినవా తాతా?"

"తప్పు చెప్పిన బిడ్డా. నాకు తెల్వక చెప్పిన. ఇప్పుడు తెలిసింది. తెలిసినంక గూడ గదే చెప్తే అబద్ధమైతది."

గుమ్మంలో అన్న నిలబడి ఉన్నాడు. బడి వదిలాక తాళంచెవి ఇచ్చాను. నా మొహం చూడకుండా తీసుకున్నాడు. తర్వాతి ఆదివారం నుంచి పెద్దవాళ్ల వరసలో కూర్చున్నాను. పక్క గదిలోంచి పిల్లల పాట వినబడుతుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. అయినా చెప్పినందుకు ఒక్క పూట కూడా పశ్చాత్తాపపడలేదు.

ఆరేడు వారాలయ్యాక, ఎన్నడూ లైబ్రరీ మెట్లెక్కని మా అన్న కాలు ఈడ్చుకుంటూ వచ్చాడు. చేతిలో పేపరు చుట్టిన మూట. నా ముందు బల్ల మీద పెట్టాడు. విప్పితే నా ఆకు.

"ఇది నీ కాడనే ఉండనియ్. బీరువా తెరిస్తే సాలు, ఇది ఏ సీముది, ఎన్నేండ్లదని పొల్లగాండ్లు ఒక్కటే అడుగుడు. కొత్త టీచరుకు చెప్ప వస్తలేదు."

"క్లాసు?"

"క్లాసు సంగతి అడగకు."

లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. ఆకు గీతల వెంట వేలు నడిపాడు.

"ఏ సీముది?"

"మూడో నంబరు, పైకప్పు."

"నేను నాలుగుల చేసిన. అది ఇంక కింద."

"కిందిది ఇంకా పాతది అన్నా."

"ఇంక పాతదా?" అన్నాడు. వాదించలేదు. ఒప్పుకోనూ లేదు. నా నోటుపుస్తకం దగ్గరికి లాక్కొని, పెట్టె గీసిన అంకెలో సున్నాలు వేలితో ఒక్కొక్కటిగా తడిమి చూశాడు.

క్లాసు నాకు తిరిగి రాలేదు. రాయి లైబ్రరీ కిటికీలో ఉంది. పండుగకు అన్న బిడ్డ చర్చికి వచ్చి నా పక్కనే కూర్చుంది. నమ్మి వచ్చిందో, నా కోసం వచ్చిందో నేను అడగలేదు.

పేర్లు రాస్తే మా అన్న ఒప్పుకోడు. అందుకని వరసలతోనే మొక్కుతున్నాను. సొరంగంలో నన్ను నవ్వులపాలు చేసిన బావకు. పుస్తకాల గడువు దాటినా కోప్పడని లైబ్రరీ అక్కకు. క్లాసు పోయిన ఆదివారం నాకిష్టమైన పచ్చిపులుసు చేసిన నా భార్యకు. ఇదంతా చదివి రాళ్ల సంగతుల్లో రెండు తప్పులు దిద్దిన నా అన్న బిడ్డకు. అబద్ధమా అని అడిగిన పాపకు. రాయిని పారేయకుండా, కుంటి కాలితో అన్ని మెట్లెక్కి తెచ్చిచ్చిన మా అన్నకు.