మూఢాల్లో బిక్షపతి సూర్యుడి ఫోటో

నాచారంలో మా జిరాక్సు షాపు పక్కనే బిక్షపతి ఫోటో స్టూడియో. ఉప్పల్ నుంచి మేడిపల్లి దాకా ఎన్ని పెళ్లిళ్లు తీశాడో అతనికే తెలీదు. మంచివాడే గాని, ఫోటోల సంగతి ఎవరైనా చెప్పబోతే ముక్కు మీద కోపం. నాకూ తక్కువేం కాదు కాబట్టి మా ఇద్దరికీ రోజూ గొడవే.

రెండువేల నాలుగు జూన్‌లో శుక్ర మూఢాలు వచ్చి పెళ్లిళ్లు ఆగిపోయాయి. అదే శుక్రుడు నల్లచుక్కలా సూర్యుడి మీదుగా వెళ్తాడని పేపర్లో పడింది.

"నా నోటికాడి కూడు గుంజుకునేటోడు ఎట్లుంటడో ఫోటో తీస్త," అన్నాడు బిక్షపతి.

రామంతాపూర్ లెక్చరర్ విజయభాస్కర్ గారి టెలిస్కోపు అడిగి తెచ్చాడు. దానికి కెమెరా బిగించే రింగు కోఠిలో కొన్నాడు. ఇక మిగిలింది ఫిల్టరు.

"గొట్టం ముందు కట్టే సోలార్ ఫిల్టరే తెప్పించుకోండి," అని విజయభాస్కర్ మరీమరీ చెప్పారు. "రంగుల ఫిల్ము ఎంత నల్లగా ఉన్నా నమ్మకండి. వెలుగును ఆపుతుంది గానీ, కనపడని వేడిని ఆపదు. లోపల కాలుతున్నా నొప్పి తెలీదు."

ఆయన వెళ్లగానే బిక్షపతి నవ్వాడు. "సారుకు పాఠాలు ఎర్క. ఫిల్ము నాకెర్క."

నల్లబడ్డ రంగుల ఫిల్మును రెండు పొరలుగా గొట్టం మూతికి అంటించాడు. నాకు ఒళ్లు మండింది.

"అన్నా, కండ్లతోని ఆటలేంది?"

"నీ జిరాక్సులు నువ్వు సూస్కో," అన్నాడు.

శుక్రుడు సూర్యుడి మీదుగా వెళ్లే రోజు మధ్యాహ్నం డాబా మీద కెమెరాకు కన్ను ఆనించినవాడు ఎంతకీ తియ్యలేదు. "మస్తు సల్లగున్నది! మంట గిట్ల ఏం లేదు," అన్నాడు. ఆ మాటకే నాకు భయం వేసింది. చెయ్యి పట్టి లాగితే విదిలించుకున్నాడు. కుడి కన్ను అలిసిందని ఎడమ కన్ను పెట్టాడు.

బడులు తెరిచే రోజులవి. పాస్‌పోర్టు ఫోటోలకు పిల్లలొస్తారని మర్నాడు పొద్దున్నే లైట్లు సరిచూసుకుంటూ, భార్య సారలమ్మను స్టూలు మీద కూచోబెట్టాడు. నేను గుమ్మంలో ఉన్నాను. కెమెరాలోంచి చూసి లెన్స్ తుడిచాడు. మళ్లీ చూసి ఇంకో లెన్స్ పెట్టాడు. కన్ను మార్చి చూశాడు. కెమెరా పాడైందని తిట్టుకుంటూ పక్కన పెట్టేసి, ఉత్త కళ్లతో ఆమెకేసి చూశాడు.

"సారలా, కదలకు," అన్నాడు. "చెవులకు కమ్మలు కనవడుతున్నయ్. కొప్పు కనవడుతున్నది. నీ మొఖమేది?"