ముట్టుకోకూడని కాలు

మా ఆవిడకు కీళ్లవాతం ఏళ్లనాటిది. ఉక్కు కార్ఖానా ఊళ్లో, భాలుబాసా బస్తీలోని మా ఇంట్లో పొద్దున లేచేసరికి ఆమె వేళ్లు ముడుచుకునేవి కావు, మోకాళ్లు ఉబ్బి ఉండేవి. నేను రోలింగ్ మిల్లు మనిషిని. వేడిచేసి నొక్కితే లొంగని ఇనుము లేదు, ఒళ్లు మాత్రం ఎందుకు లొంగదు అనుకునేవాణ్ని. పాత కొలిమి ఇటుకలు తెచ్చి, కుంపటి మీద కాల్చి, గుడ్డ చుట్టి కాపడం పెట్టేవాణ్ని.

ఒక వానాకాలం ఆమె ఎడమ పిక్క ఒక్కటే ఎర్రబడి రాయిలా బిగుసుకుంది.

"ఇది కీలు నొప్పి కాదు మావా. ఏరేగుంది. ఆస్పత్రికి తీసుకెల్లు."

నేను వినలేదు. ఆమె మాట వినే అలవాటు నాకెప్పుడూ లేదు. మిల్లులో నాతో పనిచేసే ఇద్దరిని పిలిచాను. ముగ్గురం ఆవనూనె రాసుకుని, షిఫ్టులు వేసుకుని మరీ ఆ పిక్క పిసికాం.

"జోరు సెయ్యి బావా, గడ్డ కదుల్తంది!" అన్నాడు ఒకడు.

"కదిలి ఎక్కడికెల్తాది, మీ అత్తోరింటికా?" అని మా ఆవిడ పళ్లు బిగించి అడిగింది.

మేం ఇంకాస్త నూనె పోసుకున్నాం. చివరికి ఆమే రిక్షా పిలిపించుకుంది. నూనె చేతులతో వెనకాలే వెళ్లాం.

డాక్టరు పిక్క చూసి, "పైర్ కిస్‌నే దబాయా?" అన్నాడు, కాలు పిసికిందెవరని. మెచ్చుకుంటాడనుకుని ముగ్గురం చేతులెత్తాం.

ఆయన తల పట్టుకున్నాడు. తర్వాత హిందీలో ఓపిగ్గా చెప్పాడు. ఏళ్లతరబడి రగిలే వాపు కీళ్లతో ఆగదట. రక్తానికి గడ్డకట్టే గుణం పెంచుతుందట. గడ్డకట్టిన చోట రక్తనాళం వాస్తుంది, ఆ వాపు మరో గడ్డను పిలుస్తుంది. పిసికితే గడ్డ తెగి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మనిషి దక్కదు.

"ఇన్నావా, ఎక్కడికెల్తాదో?" అంది ఆమె నావైపు చూసి.

సూదులయ్యాక, మాత్రలిచ్చి ఇంటికి పంపారు. మంచం కాళ్లవైపు ఎత్తుగా ఉండాలన్నారు. నా ఇటుకలు అందుకు పనికొచ్చాయి.

విశ్వకర్మ పూజ వచ్చింది. మిల్లులో యంత్రాలకు దండలు వేశాం. ఆ రోజు పనిముట్లు ఎవరూ ముట్టుకోరు. ప్రసాదం తీసుకుని ఇంటికొచ్చి, అలవాటుకొద్దీ ఆమె కాలికింద దిండు సర్దబోయాను.

"ఏయ్! ఇయ్యాల ఇస్సకర్మ పూజ కాదేటి? నా కాలూ అంతే. ముట్టుకోకు. దండవెట్టి ప్రసాదం ఇక్కడెట్టు."

నవ్వబోయి, ఆమె ఛాతీవైపు చూశాను. ఊపిరి సాఫీగా వచ్చిపోతోంది. ఇటుకల పక్కన కూర్చుని నిజంగానే దండం పెట్టాను.