లోపల్నుంచి తెరుచుకునే తలుపు

రాయచూరులో పొద్దుటి నుంచి మూడు పాత డెలివరీ వ్యాన్లు చూసి, ఒళ్లు హూనమై దేవదుర్గ బస్సెక్కాను. ఒకటి కొని, లోపల మంచం, పొయ్యి అమర్చుకుని ఊళ్లు తిరగాలని నా సరదా. మూడోదాని ఇంజను బాగుంది, తుప్పు లేదు, లోపల నిలబడొచ్చు, అదే ఖాయమని నా భార్యకు ఫోన్లో చెప్పాను.

పక్క సీట్లో మూటతో కూర్చున్న నడివయసు ఆవిడ అంతా వింది.

"అండ్ల పండుకుంటరా అన్నా?"

"అవునమ్మా."

"ఎనక తలుపు లోపల్నుంచి తెరుచుకుంటదా?"

చూడలేదన్నాను.

"సామాన్ల బండికి లోపల హ్యాండిల్ ఉండదు. బెంగళూరు పనికి మమ్మల్ని గసొంటి దాన్లనే తోల్కపోయిండ్రు. ఎండలకాలం. డ్రైవరు బయట గొళ్లెం పెట్టి చాయ్ తాగనీకె పోయిండు. పదకొండు మందిమి ఎక్కినం..."

అక్కడ ఆగి, ఒళ్లోని మూట ముడి విప్పి మళ్లీ గట్టిగా కట్టింది. ఆ మాట పూర్తి చేయకుండానే గబ్బూరులో దిగిపోయింది.

మర్నాడు వెళ్లి, అమ్మేవాణ్ణి బయట నిలబెట్టి ఆ వ్యానెక్కి, తలుపు వేసుకుని చీకట్లో తడిమాను. వట్టి రేకు. అయినా అదే కొన్నాను. మంచం కంటే ముందు హ్యాండిల్ పెట్టించాను.

ఇప్పటికీ ఎక్కడ ఆగినా, పడుకునే ముందు ఆ తలుపు ఒకసారి లోపల్నుంచి తెరిచి మళ్లీ మూస్తాను. ఎందుకని నా భార్య అడుగుతుంది. చెప్పబోతాను. దుప్పటి మడత విప్పి, మళ్లీ మడతపెడతాను.