అంజనమ్మ ఇంటి కరెంటు

హోసూరు దగ్గరి తళి ఊరి పక్క పల్లెలో "కరెంటింటి అంజనమ్మ" అంటే చిన్నపిల్లవాడైనా ఇల్లు చూపిస్తాడు. ఊళ్ళో మొట్టమొదట కరెంటు వచ్చింది ఆమె మామగారి ఇంటికే. ఆ పెద్దాయన హోసూరు నుంచి మనిషిని పిలిపించి, గోడల నిండా చెక్కపట్టీలు కొట్టించి, వాటి మీద వైర్లు లాగించాడు. మొదటి బల్బు వెలిగిన రోజు ఊరంతా వాకిట్లో నిలబడి చూసిందట. ఆ గొప్పంతా ఆయన కొడుకు సోమప్పకు దక్కింది. ఆ వైర్లతో వేగే భాగ్యం మాత్రం సోమప్ప పెళ్ళాం అంజనమ్మకు దక్కింది.

రెండు మూడు బల్బుల కోసం వేసిన వైర్ల మీద తొంభైల్లో మిక్సీ వచ్చి పడింది. తర్వాత గ్రైండరు, ఆ తర్వాత ఫ్రిజ్జు. వైర్లు మాత్రం అవే. ఎర్త్ అనే మాట ఆ ఇంటి గడప తొక్కలేదు. గ్రైండరు మీద చెయ్యి వేస్తే భుజం దాకా జివ్వుమనేది. "షాక్ కొడతా ఉంది" అని మొగుడితో చెబితే ఆయన పేపర్లోంచి తల కూడా ఎత్తేవాడు కాదు.

"తడి చేత్తో ముట్టుకుంటే కొట్టక ముద్దు పెట్టుకుంటాదా?" అనేవాడు.

పిండి రుబ్బే ఆడమనిషి చెయ్యి తడిగా కాక ఇంకెట్లా ఉంటుందో ఆ మహానుభావుడే చెప్పాలి! ఆయనకు ఒక్కనాడూ షాక్ కొట్టలేదు. కొట్టడానికి వంటింట్లో ఆయన ఏం ముట్టుకున్నాడు గనక? కొడుకు తిలక్ ఒకసారి రబ్బరు చెప్పులు తెచ్చిచ్చాడు. దేవుడి పటాలున్న వంటింట్లో చెప్పులేసుకుని తిరగడానికి అంజనమ్మకు మనసొప్పలేదు. చెక్కపీట మీద నిలబడి రుబ్బడం నేర్చుకుంది.

తిలక్‌కు పెళ్ళయి కోడలు ప్రేమ కాపురానికి వచ్చింది. హోసూరులో పెరిగిన పిల్ల. ఏ అత్తయినా కొత్త కోడలికి ఆ ఇంట్లో ఉప్పూ కారం ఎంత తింటారో చెబుతుంది. అంజనమ్మ కరెంటు సంగతి చెప్పింది.

"ఫ్రిజ్జు తలుపు కొంగుతో పట్టుకోమ్మా. గ్రైండర్లో చెయ్యి పెట్టొద్దు, చెక్క గరిటె పెట్టు. వానాకాలం ఆ మూల గోడ జోలికే పోవద్దు, గోడే కొడతాది."

ప్రేమ నోరు తెరుచుకుని చూసింది. "అత్తమ్మా, ఇది ఇట్లా ఉండకూడదు. మా ఇంట్లో యాడ ముట్టుకున్నా ఏమీ కాదు."

అంజనమ్మ అప్పటికి నవ్వేసింది గానీ ఆ మాట ఆమెను వదల్లేదు. ఇన్నేళ్ళూ అందరి వంటిళ్ళూ ఇంతేననుకుంది పాపం.

మరుసటి ఏడు వానలకి ప్రేమ కడుపుతో ఉంది. ఇంట్లోంచి ఆవుల కొట్టంలోకి ఒక బల్బు కోసం వైరు లాగి, ఇనుప స్తంభానికి చుట్టి ఉంచారు. ఒక పొద్దున జెర్సీ ఆవు ఆ స్తంభానికి మెడ రుద్దుకుంది. రుద్దుకున్నది రుద్దుకున్నట్టే కూలిపోయింది. సోమప్ప దాని తల ఒళ్ళో పెట్టుకుని, "నా తల్లీ, నన్ను వదిలి పోయినావా" అని చంటిబిడ్డలా ఏడ్చాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. అంజనమ్మా ఏడ్చింది. రోజూ పాలు పిండింది ఆమే కదా. ఏడుస్తూ ఏడుస్తూ ఆవును చంపిన వైరు తన వంటింట్లోంచి వచ్చిన వైరేనని గుర్తొచ్చింది. ఏడుపు ఆగిపోయి భయం పట్టుకుంది.

వారం తిరక్కుండానే సోమప్ప హోసూరు నుంచి వైరింగు చేసే నాగేశప్పను పిలుచుకొచ్చాడు. మీటరు దగ్గర నుంచి కొట్టానికి వేరే లైను, కొత్త వైరు, పైపులు, ప్లగ్గులు. గుంత తవ్వి, రాగి రేకు పెట్టి, బొగ్గూ ఉప్పూ పోసి ఎర్త్ వేశారు. ఎక్కడ తేడా వచ్చినా టక్కున లైను ఆపేసే స్విచ్చి కూడా పెట్టారు.

నాగేశప్ప పోతూ పోతూ వంటింట్లోకి తొంగి చూశాడు. "అప్పా, ఈ వైర్ల మీద రబ్బరు పొడిగా రాలిపోతా ఉంది. ఇంటికి కూడా అంతా మార్చాల."

"దానికి గోడలు చెక్కాల. మా నాయన కట్టించిన గోడలు చెక్కనిస్తానా?" అన్నాడు సోమప్ప. "ఇన్నేండ్లూ ఏమీ కాలేదు. ఆడోళ్ళు చేతులు తుడుచుకుంటే చాలు."

అంజనమ్మకు ఒళ్ళు మండిపోయింది. "ఆవు ఒకసారి చస్తే విన్నావు. నేను ఇన్నేండ్లుగా చెప్తా ఉంటే వినలేదు. నా ఒంటికి అలవాటైపోయింది సరే. కడుపుతో ఉండే పిల్లకు కూడా అలవాటు చెయ్యమంటావా?"

సోమప్ప తువ్వాలు దులుపుకుని తోటలోకి పోయాడు.

తెల్లారి ఆమె తిలక్‌ను పిలిచి గ్రైండరు ఎత్తమంది. "నాయన ఏమంటాడో" అని నసిగాడు వాడు. "అంటే నన్నంటాడు. ఎత్తు." గ్రైండరు, మిక్సీ, ఫ్రిజ్జు, గ్యాసుపొయ్యి అన్నీ కొట్టంలోకి చేరాయి. అక్కడ గ్రైండరు మీద ఉత్త చెయ్యి వేసి చూసింది. ఏమీ కాలేదు. కోడలి చెయ్యి కూడా పట్టుకుని వేయించింది. ప్రేమ పకపకా నవ్వింది.

కొట్టం రోడ్డు పక్కనే. తళి బస్సులో పోయేవాళ్ళు కిటికీల్లోంచి వంగి వంగి చూడటం మొదలుపెట్టారు. సోమప్పకు తల కొట్టేసినట్టయింది.

"కరెంటింటోళ్ళు పేడలో వండుకుంటా ఉండారని ఊరంతా నవ్వతా ఉంది!"

"నవ్వనీ. ఆవుకు చేయించింది నా కోడలికి చేయించేదాకా ఈడే వండుతాను."

నాలుగు రోజులు ఆమె అక్కడే వండింది. ఐదో రోజు మేస్త్రీ మునియప్ప ఉలీ సుత్తీ తాపీ సంచిలో వేసుకుని వచ్చాడు. మొండివాడైనా మనిషి కరిగాడే అనుకుంది అంజనమ్మ. గోడలు చెక్కితే దుమ్ము పడుతుందని పరుగున ఇంట్లోకి పోయి, దేవుడి పటాలు దించి, బట్టలన్నీ మూట కట్టింది. బయటికి వచ్చేసరికి మునియప్ప కొట్టం పక్కన దారం పట్టుకుని కొలుస్తున్నాడు.

"ఏమప్పా, ఈడేం కొలుస్తా ఉండావు? చెక్కేది ఇంట్లో కదా?"

మునియప్ప ఆమె ముఖం చూడలేకపోయాడు. "చెక్కేది ఏమీ లేదమ్మా. రోడ్డు వైపు అడ్డంగా గోడ కట్టమన్నాడు మీ ఆయప్ప. బస్సులో వాళ్ళకు అగపడకుండా."

వెనకనుంచి సోమప్ప పెద్ద మేలు చేసినవాడిలా, "ఇంక ఎవరూ చూడరు, నెమ్మదిగా వండుకో" అన్నాడు.

అంజనమ్మ ఇంట్లోకి పోయి పటాలు మళ్ళీ తగిలించింది. మధ్యాహ్నానికి గోడ నడుమెత్తు లేచింది. కట్టేవాళ్ళకు అన్నం ఆమే కొట్టంలో వండి పెట్టింది.