హెడ్‌లైట్లకు నల్లరంగు వేసిన ఆదివారం

మా కారు మా దగ్గరికి రాకముందే ఇద్దరి చేతులు మారింది. తొంభైల మధ్య సంగతి. మా ఆయన కెరమెరి ఘాటు అవతల జైనూర్‌లో వ్యవసాయ శాఖలో పనిచేసేవాడు. నేను నస్పూర్‌లో ఒక బడిలో టీచర్ని. ఆయన వారమంతా అక్కడే గది తీసుకుని ఉండి శనివారం బస్సుకు వచ్చేవాడు. ఇంట్లో నేనూ మామా. అత్తమ్మ నా పెళ్లికి ముందే పోయింది.

మామ బొగ్గుబాయి లాంప్‌రూములో పనిచేసి రిటైరయ్యాడు. బాయిలోకి దిగేవాళ్లకు టోపీ లైట్లు ఇవ్వడం, షిఫ్టు అయ్యాక తీసుకుని చార్జింగుకు పెట్టడం ఆయన పని. మా ఇద్దరి మధ్య మాటలు తక్కువ. "చాయ పెట్టమంటరా మామా?" అంటే "పెట్టు బిడ్డా" అనేవాడు. చాలా రోజులు అంతకుమించి మాట్లాడుకున్నది లేదు.

మా ఆయనకు మా పక్కనే ఉన్న మంచిర్యాలకు బదిలీ కాగానే, చాలాకాలంగా అనుకుంటున్న కారు కరీంనగర్‌లో కొన్నాడు. ఇంజను బాగుంది, సీట్లు బాగున్నాయి. హెడ్‌లైట్లే చూడబుద్ధి కాలేదు. అద్దం వెనకాల, బల్బు ఉండే గిన్నె చుట్టూ వెండిరంగు చట్రం ఉండేది. ఆ రంగు పొక్కులు లేచి, పెచ్చులు అద్దం లోపల రాలి పడి ఉన్నాయి. కరీంనగర్‌లోనే ఏదో కారుకు ఆ చట్రం నల్లగా ఉండటం ఆయన చూశాడు. అదే పట్టుకున్నాడు.

"లోపట నల్లరంగేస్తే మస్తుంటది. మెకానిక్ ఎందుకు, ఇంట్లనే ఏస్కుందాం" అన్నాడు.

సోమవారం జైనూర్ పోయి గది ఖాళీ చేసి సామాను తెచ్చుకోవాలి. కొలువు చేసిన ఊరికి కారులో పోతున్నాడు కదా, ఆ లైట్లతో పోవడం ఆయనకు ఇష్టం లేదు.

ఆదివారం పొద్దున్నే రెండు లైట్లూ విప్పి వాకిట్లో గోనెసంచి మీద పెట్టాడు. అద్దం జిగురుతో అతికించి ఉంది. పెద్ద గంజులో నీళ్లు మరిగించి ఆవిరి పట్టాం. జిగురు మెత్తబడ్డాక ఆయన సన్న స్క్రూడ్రైవరుతో చుట్టూ లేపుతుంటే నేను గుడ్డతో పట్టుకుని లాగాను. రెండు అద్దాలూ పగలకుండా వచ్చాయి. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం. మామ అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు, తల ఎత్తలేదు.

ఆయన రంగూ కుంచే తేవడానికి బజారుకు పోయాడు. నేను ఊరికే కూర్చోలేకపోయాను. గిన్నెల్లో దుమ్ము ఉంది, ఒకదాంట్లో మరక కూడా కనిపించింది. స్టీలు గిన్నెలాగే మెరుస్తోంది కదా అని, తడిగుడ్డ మీద ఇంత సబ్బుపొడి వేసుకుని ఒక గిన్నె గట్టిగా తుడిచాను. నాలుగు రుద్దులకే గుడ్డ నల్లబడింది. మురికి వదులుతోందనుకుని ఇంకా రుద్దాను. చేయి తీసి చూస్తే గిన్నె మెరుపంతా గుడ్డకు వచ్చేసింది. లోపల బూడిదరంగులో, మొహం కనిపించకుండా, పాత సత్తుగిన్నెలా మిగిలింది.

వెంటనే పేపరు ముక్క కత్తిరించి గిన్నె మీద కప్పి, చుట్టూ పట్టీ అంటించాను. రెండోదానికీ అలాగే చేశాను. ఆయన వచ్చి చూసి, "అరె, రంగు పడకుండ పేపర్ గూడ ఏసినవా? మంచి తెలివి" అన్నాడు. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

ఆయన చట్రాలకు నల్లరంగు వేశాడు. నిజంగానే పనితనం ఉంది, ఎక్కడా కారలేదు. సాయంత్రం ఆరిన తర్వాత "మీరు స్నానం చేయిండ్రి, నేను పేపరు తీస్త" అన్నాను. తీసి, అద్దాలు పెట్టి నొక్కేశాను. ఆ అద్దాల మీద నిలువు గీతలు ఉండటంతో, పగటి వెలుగులో లోపలి గిన్నె తేడా తెలియలేదు. ఆయన బిగించి, దూరం నుంచి చూసి, మళ్లీ దగ్గరికొచ్చి చూసి, మురిసిపోయాడు. స్విచ్చి వేసి చూశాడు కూడా. ఎండ ఇంకా ఉంది. రెండూ వెలిగాయి, అంతే.

సోమవారం పొద్దున ఆయన వెళ్లిపోయాడు. పొద్దుగూకే లోపే వచ్చేస్తాడులే అని మనసుకు చెప్పుకున్నాను. బడిలో పిల్లలకు ఏం చెప్పానో నాకే తెలియదు.

బడి నుంచి వచ్చేసరికి మామ దండెం దగ్గర నిలబడి ఉన్నాడు. నేను పొద్దున ఉతికి ఆరేసిన గుడ్డ చేతిలో పట్టుకుని చూస్తున్నాడు. ఎంత ఉతికినా దాని మీద సన్నటి వెండి పొడి మెరుస్తూనే ఉంది.

"గిన్నె తుడ్చినవా బిడ్డా?"

ఏడుపొచ్చింది. "తప్పయింది మామా. ఆయనకు చెప్పలే. రాత్రయితే ఘాట్ల ఎట్లొస్తడో" అన్నాను.

మామ కోప్పడలేదు. "నేను గూడ తుడ్చిన" అన్నాడు. నాకు అర్థం కాలేదు. "కొలువుల కొత్తగ చేరినప్పుడు. టోపీ లైట్లు తళతళ మెరువాలెనని లోపటి గిన్నెలు ఇటుకపొడి పెట్టి రుద్దిన, పదో పన్నెండో. మెరుపంత పాయె. మా పెద్దమేస్త్రి తిట్టలే. గా లైట్లల్ల ఒకటి నా నెత్తికే కట్టి షిఫ్టంత బాయిల తిప్పిండు. అడుగు ముందట ఏమున్నదో కనవడలే. గప్పుడు తెల్సింది నాకు, గిన్నె అంటే ఏందో. వెలుగును ముందటికి కొట్టేది దాని మెరుపే."

అంతసేపు ఆయన నాతో మాట్లాడటం అదే మొదటిసారి. చెప్పడం అయిపోగానే అంగీ తొడుక్కున్నాడు. "నడువు, ఫోన్ చేద్దాం. ఈ రాత్రి అక్కడ్నే పండుమందాం."

ఎస్టీడీ బూత్ నుంచి జైనూర్ ఆఫీసుకు ఫోన్ చేశాం. అటెండరు ఎత్తాడు. "సారు పోయి గంటయిందమ్మా. సామాను ఎక్కియ్యనీకె లేటయింది" అన్నాడు. అప్పటికే బయట వెలుగు తగ్గుతోంది. చలికాలం పొద్దు. కెరమెరి ఘాటు ఎక్కేసరికి చీకటి పడుతుందని నాకు తెలుసు. అటు లోయ, ఇటు గుట్ట, మలుపు మీద మలుపు.

ఇద్దరం ఇంటికి రాకుండా రోడ్డు పక్కన చాయ హోటలు బెంచీ మీద కూర్చున్నాం. ఎదురుగా వచ్చే ప్రతి బండి లైట్లూ చూశాను. ఏ లైటు కొంచెం మసకగా కనిపించినా లేచి నిలబడేదాన్ని. లారీ అయ్యేది. మామ నాకు రెండుసార్లు చాయ తాగించాడు. "ఫికర్ జెయ్యకు బిడ్డా. వాడు మెల్లగ నడిపేటోడే" అన్నాడు. కానీ మామ చేతిలో బీడీ వెలిగించకుండానే నలిగిపోయింది.

ఎనిమిది దాటాక ఒక కారు వచ్చింది. ఒక లైటు తెల్లగా, రెండోది కామెర్లు వచ్చిన కన్నులా. నేను రోడ్డు మీదికి పరిగెత్తాను. ఆయన బండి ఆపి దిగాడు. ఒక్క గీత కూడా లేదు, మనిషికీ లేదు, బండికీ లేదు.

నేను నోరు తెరిచేలోపే ఆయన అన్నాడు, "నల్లరంగు ఏసి తప్పు జేసిన. వెలుగంత అదే మింగింది. ఘాట్ల ఒక దిక్కు ఏం కనవడలే. ఒక బస్సు దొరికింది, దాని ఎనక లైట్లు పట్టుకోని ఆసిఫాబాద్ దాకొచ్చిన. డ్రైవర్‌కు అర్థమైనట్టుంది, మలుపుల కాడ జర ఆగి ఆగి పోయిండు."

"రంగు కాదు. నేను గిన్నె తుడ్చిన. మీకు చెప్పలే" అన్నాను.

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. కారుకు ఆనుకుని నిలబడి, దారి పొడుగునా పట్టి ఉంచిన ఊపిరేదో ఒక్కసారి వదిలినట్టు గట్టిగా నిట్టూర్చాడు. "అంటే నా రంగు మంచిగనే ఉన్నదా?" అన్నాడు. ఏడుస్తూనే నవ్వాను. మామ వెనక నుంచి, "ఇంటికి నడువుండ్రి, అన్నం సల్లారవట్టె" అన్నాడు. అన్నం ఇంకా వండనే లేదు.

ఆ వారంలోనే మామ మంచిర్యాలలో పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగి అదే రకం గిన్నె ఒకటి తెచ్చాడు. దాన్ని అంచు పట్టుకునే ఎత్తాడు, అంచు పట్టుకునే బిగించాడు, లోపల ఎవరినీ వేలు పెట్టనివ్వలేదు. పొద్దుగూకాక కారును ఎదురింటి గోడకు తిప్పి లైట్లు వేయించాడు. గోడ మీద రెండు గుండ్రాలు పడ్డాయి. ఒకే ఎత్తు, ఒకే తెలుపు. మామ దగ్గరికి పోయి రెంటినీ జానతో కొలిచి, తల ఊపాడు.

ఎదురింటామె తలుపు తీసి కళ్లకు చేయి అడ్డం పెట్టుకుంది. "ఏందే టీచరమ్మా, మా గోడ మీద సిన్మా ఏస్తున్రా?" అని అడిగింది.

"ఏస్తున్నం, కూసో" అన్నాడు మామ. ఆయన అంత గట్టిగా నవ్వగా నేను వినడం అదే మొదలు.