గరాజ్‌లో తెలుగే మాట్లాడాలి

రఘువీర్ గురించి అడిగితే ఇక్కడ టెక్సస్‌లో, మా ఫ్రిస్కోలో ఎవరైనా నాలుగు మంచి మాటలు చెబుతారు. పిక్నిక్ అంటే ఇడ్లీ పాత్రలు మోస్తాడు, ఎవరి కారు మొరాయించినా బానెట్ ఎత్తి చూస్తాడు, గుళ్ళో పిల్లలకి తెలుగు బడి నడుపుతాడు. నేను మాత్రం ఆ మాటలు చెప్పలేను. మా ఇల్లు వాళ్ళింటికి ఎదురుగానే ఉంది. నాకు కళ్ళూ చెవులూ బాగానే పనిచేస్తాయి.

ఆయనకి ఒక్కతే కూతురు, నైనిక. ఇక్కడే పుట్టింది. ఇక్కడి పిల్లలు చాలామందిలాగే చిన్నప్పుడు ఆడా మగా తేడా లేకుండా మాట్లాడేది. ఒకసారి విందులో "అమ్మ వచ్చాడు" అందట. తండ్రి అది పట్టుకుని దానికి పేరే పెట్టేశాడు. ఎవరింటికి వెళ్ళినా, చేతికి ప్లేటు రాగానే "మా అమ్మవచ్చాడు ఏదీ?" అని కేకేసేవాడు. అందరూ నవ్వేవారు. చిన్నప్పుడు ఆ పిల్లా నవ్వేది. పెద్దయ్యాక తెలుగు మాట్లాడటమే మానేసింది.

ఆఫీసులో ఈయన ఇంగ్లిష్ యాస అర్థం కాలేదంటూ మేనేజరు ప్రతి మాటా రెండుసార్లు చెప్పిస్తాడని, ఈయన భార్య రాధారాణి ఒకరోజు నా దగ్గర నోరు జారింది. అత్త మీద కోపం దుత్త మీద అని ఊరికే అనలేదు. ఇక్కడ దుత్త కన్నకూతురు.

కూతురు కాలేజీకి వెళ్ళే ముందు రఘువీర్ తుప్పు పట్టిన పాత పికప్ ట్రక్కు ఒకటి కొన్నాడు. "ఇంజన్ మొత్తం విప్పి ఇద్దరం కలిసి మళ్ళీ కడదాం. స్టార్ట్ అయితే బండి నీదే. ఆస్టిన్‌కి నువ్వే డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళు" అన్నాడు. నైనిక మొహం వెలిగిపోయింది. అప్పుడు షరతు చెప్పాడు. గరాజ్‌లో తెలుగే మాట్లాడాలి. ఇంగ్లిష్‌లో అడిగితే జవాబు ఉండదు.

నిజంగానే ఉండేది కాదు. "డాడీ, విచ్ బోల్ట్?" అంటే గోడతో చెప్పుకున్నట్టే. ఆ పిల్ల మాటలు వెతుక్కుని, తడబడి, "ఇది ఎక్కడ పెడతాడు?" అంటే, ముందు ఓ నవ్వు నవ్వి, తర్వాత చెప్పేవాడు. అయినా అది వదల్లేదు. గోళ్ళలో నల్లటి గ్రీజుతో మా అమ్మాయి స్పందన దగ్గరికి వచ్చి, ఏ పార్టు ఎలా బిగించిందో ఇంగ్లిష్‌లో గంటసేపు చెప్పేది. ఆ బండి మీద దానికంత ప్రాణం.

స్టార్ట్ చేసే రోజున రఘువీర్ వీధిలో ఉన్న తెలుగువాళ్ళందరినీ పిలిచాడు. రాధారాణి బండికి పసుపు కుంకుమ పెట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. ఆయన మాకందరికీ పాఠం చెప్పాడు. పాత రకం ఇంజన్‌కి కొత్త క్యామ్ షాఫ్ట్ వేశారట. మొదటిసారి స్టార్ట్ కాగానే ఇరవై నిమిషాలు గట్టిగా రేజ్ చేస్తూనే ఉండాలి. యాక్సిలరేటర్ తొక్కకుండా ఐడిల్‌లో వదిలేస్తే నూనె సరిగ్గా అందక ఇనుము ఇనుమును తినేస్తుంది.

నైనిక డ్రైవర్ సీట్లో కూర్చుంది. ఆయన బానెట్ దగ్గర నిలబడ్డాడు. తాళం తిప్పింది. రెండుసార్లు మూలిగి, మూడోసారి ఇంజన్ గర్జించింది. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను, ఆ పిల్ల మొహం చూసి.

కాసేపటికి కొత్త పైపుల మీది రంగు కాలి పొగ లేచింది. అది మామూలేనట. ఆ సంగతి కూతురికి చెప్పాలని మాత్రం ఆయనకి తోచలేదు. నైనిక బెదిరిపోయి తండ్రి వైపు చూసింది. ఆయన చెయ్యి ఊపుతూ, "ఆపకు! ఆపకు!" అని అరిచాడు.

ఆ రొదలో చివరి అక్షరం ఎవరికి వినబడుతుంది? పైగా పుట్టిన దగ్గర్నుంచీ ఆ నోటి నుంచి అది విన్నది ఒక్కటే మాట, ఆపు. ఏడుపు ఆపు, వాగుడు ఆపు, ఆ పాడు తెలుగు ఆపు. టక్కున తాళం తిప్పి ఆపేసింది.

"దిగు" అన్నాడు. భుజం పట్టుకుని దింపి, తనే ఎక్కి స్టార్ట్ చేశాడు. అప్పటికీ ఏమీ మించిపోలేదు. కాలు యాక్సిలరేటర్ మీద ఉంచి కూర్చుంటే సరిపోయేది. కానీ ఎదురుగా ఇంతమంది ప్రేక్షకులు. ఊరుకోగలడా? ఇంజన్‌ని అలాగే వదిలి కిందికి దిగి, తలుపుకి అడ్డంగా నిలబడి, నా వైపు తిరిగి మొదలుపెట్టాడు.

"చూశారా గిరిజ గారూ? ఆపకు అంటే ఆపు అంట! ఆపుకీ ఆపకుకీ తేడా తెలీదు, దీనికి బండి కావాలంట!"

లోపల ఇంజన్ గుడగుడమంటోంది. నైనిక చెవి అటే ఉంది.

"డాడీ, ఇట్స్ ఐడ్లింగ్!"

"తెలుగులో చెప్పు."

"డాడీ, ప్లీజ్..."

"గరాజ్‌లో ఏ భాష? తెలుగులో ఏడువ్."

ఆ పిల్ల పెదవులు కదిలాయి, మాట రాలేదు. ఎలా వస్తుంది? ఐడిల్‌కి తెలుగు మాట ఆయనకి మాత్రం తెలుసా? ఇందాక మాకు పాఠం చెప్పినప్పుడు ఆయన అన్నదీ ఐడిల్ అనే. పెడల్ అందుకోవాలని చెయ్యి చాపితే ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఇంజన్... నెమ్మదిగా... చచ్చిపోతున్నాడు" అంది చివరికి.

"చచ్చిపోతున్నాడంట!" అని పగలబడి నవ్వాడు. కొందరు తోడు నవ్వారు కూడా, సిగ్గులేని జన్మలు. "ఏవండీ, పోనివ్వండి" అని రాధారాణి గొణిగింది. ఆ ఇంట్లో ఆవిడ మాట ఎప్పుడు చెల్లింది కనక! ఆయన "అమ్మ వచ్చాడు" కథ మళ్ళీ మొదటి నుంచీ ఎత్తుకున్నాడు. అది పూర్తయ్యేసరికి ఇంజన్ లోపల టకటకమని చప్పుడు మొదలైంది. ఆ తర్వాత దానంతటదే ఆగిపోయింది.

కిందికి తీసిన నూనెలో ఇనుప రజను మెరిసింది. ఆయన ఆ గిన్నె కూతురి మొహం ముందు పెట్టి, "చూసుకో. నువ్వు ఆపావు కాబట్టే" అన్నాడు. పచ్చి అబద్ధం. అది ఇద్దరికీ తెలుసు.

నిమ్మకాయలు చక్రాల కిందే ఎండిపోయాయి.

కాలేజీకి వెళ్ళేరోజు నైనిక మా స్పందన కార్‌లో సామాను పెట్టుకుంది. తల్లిని కావలించుకుంది. తండ్రి గరాజ్‌లో ఏదో పని ఉన్నట్టు తిరుగుతున్నాడు. నైనిక అటు చూడలేదు, నేరుగా కారెక్కింది. కారు కదిలాక ఆయనకి ఏం తోచిందో, గ్రీజు చేతులతోనే వీధిలోకి పరిగెత్తుకొచ్చాడు. "ఆపు! నైనికా, ఆపు!" అని అరుస్తూ చెయ్యి ఊపాడు. చెప్పొద్దూ, ఆ క్షణంలో నాక్కూడా జాలేసింది.

కార్‌లో ఏం జరిగిందో స్పందన తర్వాత చెప్పింది. అద్దాలు మూసి ఉన్నాయి, ఏసీ మోత. అద్దంలో ఆయన పరిగెత్తడం చూసి మా పిల్ల బ్రేక్ మీద కాలు పెట్టబోయిందట. "అంకుల్ ఏదో అరుస్తున్నారే. ఏమంటున్నారు?"

నైనిక వెనక్కి తిరిగి చూసింది. తండ్రి నోరు కదులుతోంది.

"ఆపకు అంటున్నాడు" అంది, తెలుగులో, ఒక్క తప్పు లేకుండా.

స్పందన ఆపలేదు.